వంక

ముందు నా కుట్టునే అనుమానించాను.
స్కూలు గౌను అంచు
ఎడమవైపు అర అంగుళం జారింది.
షామ్ షుయ్ పో సందులో పదహారేళ్ళుగా
ఎవరి పిల్లలకో యూనిఫాంలు కుట్టేదాన్ని,
సొంత కూతురి గౌను వంకరా!
విప్పి కుట్టాను. మళ్ళీ జారింది.
మిషన్ని తిట్టాను, గుడ్డని తిట్టాను,
నిటారుగా నిలబడవేమే అని పిల్లనీ తిట్టాను.
చివరికి దాన్ని వెనక్కి తిప్పి
టేపు మెడలో వేసుకుని ఊరికే చూశాను.
కుడి రెక్క ఎముక
చొక్కా కింద దాచిన పుస్తకంలా పొడుచుకొచ్చింది.

వంక గుడ్డలో లేదు.

డాక్టరు అన్నాడు:
పెరిగేకొద్దీ వంపూ పెరగొచ్చు, పెరక్కపోనూవచ్చు.
తరచూ చూస్తుండాలి.
చూసినప్పుడల్లా ఎక్స్‌రే అంటే పసి ఒళ్ళు కదా,
మధ్యమధ్య శబ్దంతో చూద్దాం.

శబ్దంతో చూడటం!

మిస్ ఔ జెల్ సీసాని వేడినీళ్ళ గిన్నెలో ఉంచుతుంది.
హోయ్‌చింగ్ గోడమీది ఎర్ర చుక్కని చూస్తూ నిలబడాలి,
కదలకుండా, ఊపిరి బిగబట్టకుండా.
నడుం కింద మొదలైన పరికరం
మెల్లగా, ఇస్త్రీపెట్టె కన్నా మెల్లగా,
మెడదాకా ఎక్కుతుంది.
చక్కిలిగిలికి పిల్ల నవ్వితే మళ్ళీ మొదటికి.

"ఎముక కనిపిస్తోందా?" అన్నాను.
"లేదండీ. శబ్దం ఎముకని దాటలేదు.
తగిలి వెనక్కొస్తుంది. ఎముక వెనక నీడ పడుతుంది.
నేను కొలిచేది ఆ నీడనే."
తల ఊపాను. నాకు తెలిసిన పనే.
గుడ్డ తిరగేసి, లోపలి వైపునే కదా
నేనూ సుద్దగీత గీసేది.

తెరమీద పొగమంచు. మధ్యలో నల్లటి దారి
కొండ దిగే వంకలా కుడికి ఒరిగి,
నడుం దగ్గర మనసు మార్చుకుని ఎడమకి తిరిగింది.
"సాయ్ కుంగ్ మినీబస్సు రోడ్డులా ఉంది," అంది నా కూతురు,
"నాకు అందులో వాంతొస్తుంది."

పన్నెండేళ్ళ కిందట
ఇదే జెల్, ఇలాంటి తెరే. నా పొట్ట మీద.
రొయ్యపిల్లలా వంగి పడుకుంది చూడండన్నారు.
ఆ వంపుకి అందరం నవ్వాం.
ఫోటో తీసి అద్దానికి అంటించాం.
ఎన్ని డిగ్రీలని అడగలేదు ఒక్కరూ.

మిస్ ఔ రెండు గీతలు పెట్టింది.
ఇరవై నాలుగు.
పోయినసారి ఇరవై రెండు.
అర అంగుళం కోసం గిరాకీలతో పోట్లాడేదాన్ని,
రెండు డిగ్రీలకి కాళ్ళు చల్లబడ్డాయి.
"పెరిగినట్టేనా?"
"చెప్పలేను. ఇప్పుడే మళ్ళీ కొలిచినా
నా చేతికి అంత తేడా రావచ్చు."
మళ్ళీ కొలిచింది. ఇరవై మూడు.

నా టేపు తప్పు చెప్పొచ్చని
ఏ గిరాకీతోనూ నేనెప్పుడూ అనలేదు.
అంత ఖరీదైన యంత్రం పక్కన నిలబడి
ఆ అమ్మాయి అనేసింది.
అప్పుడు నమ్మకం కుదిరింది నాకు.

జెల్ నేనే తుడిచాను.
పైనుంచి కిందికి, తువ్వాలు కింద
ఒక్కొక్క పూసా గుండీలా వేలికి తగిలింది.
"అమ్మా, చాలు," అంది.
ఇంకోసారి తుడిచాను.

రాత్రి షట్టరు సగం దించి
ఎండాకాలపు గౌను కత్తిరించాను.
ఎడమవైపు అర అంగుళం తక్కువ.
ఎవరికీ తెలియదు,
నడుస్తుంటే అంచు తిన్నగా ఊగుతుంది.
నమూనా కాగితం మూల తేదీ రాసి
ఇరవై మూడు అని పెన్సిల్‌తో రాశాను.
పెన్ను జేబులోనే ఉంది.

ఇంక అంచు మడవాలి.
పెరిగే పిల్లలకి లోపల రెండంగుళాలు వదులుతాను ఎప్పుడూ.
పెరగాలి.
పెరక్కూడదు.
సూది పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

రెండున్నర వదిలాను.