టైరు చూడాలి

డిపో మేడమీద గదిలో క్లాసు పెట్టారు.
కోటు వేసుకున్న కుర్రాడు తెరమీద
గుండె బొమ్మా మెదడు బొమ్మా వేసి
భావోద్వేగ ప్రజ్ఞ అన్నాడు.
నైట్ హాల్టు దిగి వచ్చినదాన్ని,
ముందు వరసలోనే కునికేను.
చివర్లో నాకూ ఓ సర్టిఫికెట్టు.
మంగవేణిలో ణి పోయి ని వచ్చింది.

నాలుగున్నరకి డ్యూటీ ఎక్కాలి.
అప్పటికే అన్నం వార్చి,
నిద్దట్లో ఉన్న పాప తల మోకాలికి ఆనించుకుని జడ వేసి,
అత్తగారి మాత్రలు
పొద్దుటివి ఒక మూతలో, మధ్యాహ్నానివి ఇంకో మూతలో.
నీళ్ళు మాత్రం తాగను.
గాజువాక నుంచి పాత పోస్టాఫీసు దాకా
ఆడకండక్టరు ఆగే చోటు లేదని
నా గొంతుకి పదకొండేళ్ళుగా తెలుసు.

కంచరపాలెం మెట్ట దగ్గర ఎక్కిన గుంట
పుస్తకాల సంచీ వీపుకి కాక ముందుకి తగిలించుకుంది.
ఎందుకమ్మా అని అడగలేదు.
నా సీట్లో కూచోబెట్టి,
వెనక నించి పాకే చేతికి అడ్డంగా
టికెట్టు మిషను పట్టుకుని నిలబడ్డాను.
కేజీహెచ్ డౌన్‌లో ఎక్కినవాళ్ళని వెంటనే చిల్లర అడగను.
చేతిలో ఎక్స్‌రే కవరుంటుంది. రెండు స్టాపులు పోనిస్తాను.
తాగినోడు తిడితే నవ్వుతాను.
ఎస్సార్ కాగితంలో ఆ నవ్వుకి గడి లేదు.

ఆడవాళ్ళకిప్పుడు సున్నా టికెట్టు.
రోజూ మూడొందల సున్నాలు కొడతాను.
ఒక సున్నా దసపల్లా హిల్స్‌లో నాలుగిళ్ళ గిన్నెలు తోముతుంది.
ఒక సున్నా బ్యాంకులో ఆఫీసరు,
గ్యాసు కట్టేశావా అని ఫోనులో మూడోసారి అడుగుతోంది.

ఎర్రునాయుడన్న ఉన్నన్నాళ్ళూ
కాంప్లెక్సులో బస్సాపి
"టైరు చూడాలి" అని దిగిపోయేవాడు.
టైరుకి ఏనాడూ ఏం కాలేదు.
ఆ నాలుగు నిమిషాల్లో నేను లోపలికెళ్ళి వచ్చేదాన్ని.
ఈ సంగతి మేమిద్దరం ఒక్కసారీ మాట్లాడుకోలేదు.
మొన్నటి క్లాసుకి ఆయన లేడు. అప్పటికే రిటైరు.

కొత్త డ్రైవరు మంచోడే.
టైము చూస్తాడు, టైరు చూడడు.

నిన్న కాంప్లెక్సులో,
పదకొండేళ్ళుగా రైట్ రైట్ అన్న నోటితో
హోల్డాన్ అని అరిచాను.
నా గొంతేనా అనిపించింది.
"ఏటైంది మేడమ్, టైరా?"
"టైరు కాదు బాబూ, నేను."

ఎవరో గొణిగారు, టైమైపోతోందని.
మెట్లు దిగుతుంటే
నా వెనక ఇంకో రెండు జతల చెప్పుల చప్పుడు.