పెన్ను ఆగిన చోట

గాజువాకలో సిమెంటు కొట్టు పైన
మూడో అంతస్తు మా కాలేజీ.
అస్థిపంజరం ఒకటి ఉండేది,
దానికీ ఎడమ చెయ్యి లేదు.
ఇంజెక్షను నేర్చుకున్నది వంకాయ మీద.
వంకాయ అమ్మా అనదు,
బెదిరి చెయ్యి లాక్కోదు.

తనిఖీ రోజున మాత్రం
కింద అద్దె హాలు ఆసుపత్రి అయ్యేది.
ముప్పై మంచాలు, ముప్పై మంది రోగులు,
తలకి రెండొందలూ ఓ బిర్యానీ పొట్లం.
పదకొండో మంచం మీద మా అమ్మ.
నేనే నాడి చూశాను, చార్టులో టైఫాయిడ్ రాశాను.
కళ్లు తెరవకుండానే గొణిగింది:
"ఫీజు కట్టిందీ నేనే, జ్వరం తెచ్చుకుందీ నేనేనేటే?"

మూడు మార్కులు ఎక్కువొచ్చిన హెప్సిబా
కింగ్ జార్జి ఆసుపత్రి మెట్లెక్కింది.
ఒక్క రాత్రి డ్యూటీలో తను చూసినన్ని నరాలు
నాకు నాలుగేళ్లలో కనబడలేదు.
చదివేవాళ్లు ఎక్కడైనా చదువుతారంటారు.
ఆ మాట అనేవాళ్లంతా
మంచి కాలేజీల్లోనే చదివుంటారు.

ఆరిలోవలో ఇంటర్వ్యూ.
కాలేజీ పేరు దగ్గర ఆవిడ పెన్ను ఆగింది,
ఈగ వాలినంత సేపే.
ఆ ఈగ నా జీతం మీద ఆరేళ్లు కూర్చుంది.

నాకు మొదటి నరం ఇచ్చినవాడు
జాలరిపేట గరికిన దేముడు.
రెండుసార్లు తప్పాను.
"పర్లేదమ్మా, ఒక్క విసురుకే చేపలన్నీ పడిపోతే
సంద్రంలో ఏటి మిగుల్తాది" అని
మూడోసారికి తనే చెయ్యి తిప్పి పెట్టాడు.
ఆ చేతి మీద ఏ యూనివర్సిటీ ముద్రా లేదు,
ఓ పడవ పచ్చబొట్టు తప్ప.

ఇప్పుడు నేనే ఇన్‌ఛార్జి సిస్టర్ని.
పొద్దున్న వచ్చిన అర్జీల్లో
పాంగి సుమిత్ర, ఊరు పాడేరు,
కాలేజీ గాజువాకలోది. అదే.
నా పెన్ను ఆగింది.
ఎవరూ ఆపమనలేదు.

కుర్చీ దగ్గరికి లాక్కుని
స్వెట్టరు మడిచి
ఎడమ చెయ్యి బల్ల మీద చాపాను.
"నరం వెతుకు."
ఆ పిల్ల వేళ్లు చల్లగా ఉన్నాయి.
వంకాయ గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది,
తను నవ్వలేదు.

సాయంత్రం కంచరపాలెం బస్సులో
రాడ్డు పట్టుకున్న చేతికేసి చూసుకుంటే
మోచేతి మడతలో రెండు చుక్కలు.
ఒకటి నీలంగా కమిలి,
ఒకటి కనీ కనిపించకుండా.

అర్జీ కాగితం
ఇంకా నా సంచిలోనే ఉంది.