కాటా మీద బెల్టు

మిర్చి యార్డులో టిక్కీలు తూచే కాటా మీద
ఏసోబు బెల్టు పెట్టి చూశాం, నవ్వుకుంటూ.
కిలో నూట యాభై.
రేకు, రెగ్జిను, అరండల్‌పేట కొట్లో పూయించిన పూత.
"కోస్తా జిల్లాల ఛాంపియన్"
కోస్తాలో దీర్ఘం అప్పుడే ఊడింది.
తాకట్టు కొట్టాయన గోటితో గీరి
వెనక్కి తోశాడు.

అయినా,
పోస్టర్లో ప్రెస్సు పేరు పక్కన నలిగినవాడు
మధ్య వరసకొచ్చాడు, ఫోటోతో.
ఆరు రౌండ్లవాణ్ణి ఎనిమిదికి పిలిచారు.
చెన్నై నుంచి ఫోనొస్తే
రానుపోను ఛార్జీలు నేనే అడిగాను,
ఒప్పుకున్నారు!
ఎడమ కనుబొమ్మ మీద ఏడు కుట్లు
ఈ లెక్కలోకి రావు.

హైదరాబాదులో ఒకడన్నాడు,
"ఇలాంటివి వీధికొకటి."
కావచ్చు.
ఏసోబు ఏమీ అనలేదు.
ఘాటుకి రెండుసార్లు తుమ్మి
టిక్కీ భుజానికెత్తుకున్నాడు.

నిన్న తెలిసింది,
బాపట్లలో జానీబాషా అనే కుర్రాడు
చీకటితో లేచి ఇసకలో పరిగెడుతున్నాడట,
రాత్రిపూట అన్నం మానేశాడట,
ఈ రేకు కోసం.

ఏసోబు సంచిలోంచి బెల్టు తీశాడు.
చొక్కా అంచుతో తుడుస్తూ
తలెత్తకుండా అడిగాడు:
"ఎంత తూగిందన్నావ్?
మళ్ళీ చెప్పు."