పదిహేడో మెట్టు

ఎడమ దవడలో ఒక పన్ను
ఆరునెలలు నాతో దొంగాట ఆడింది.

తిలక్ రోడ్డు వెనక సందులో
లాడ్జీలకు నీళ్ల క్యాన్లు మోసేటోణ్ణి.
భుజం మీద ఇరవై లీటర్లు.
మూడో అంతస్తులో గుండు గీయించుకున్న అరవాయన
దాహమని గంట మీద గంట కొడతాంటాడు.
రెండో అంతస్తు మలుపులో
పన్ను పట్టుకునేది.
పోటు కాదు, సలుపూ కాదు,
లోపల ఎవరో కూర్చొని దవడను
తడిబట్ట పిండినట్టు పిండేది.
క్యాన్ దించి గోడకానుకుంటే
అయిదు నిమిషాల్లో మాయం.
పోయిన నొప్పిని ఎవరికని చూపించేది?

మా ఇంటామె లవంగం పెట్టింది.
చెర్లోపల్లి అవ్వ వాకుడు గింజలు నిప్పుల మీదేసి
గొట్టంతో పొగ పట్టించింది,
"పురుగులు రాల్తాయి సూడు నాయినా" అనింది.
కండ్లల్లో నీళ్లు రాలినాయి గానీ
పురుగు ఒక్కటీ రాల్లేదు.
గురవయ్య మామ సారాయి పుక్కిలించి ఉమ్మమన్నాడు.
పుక్కిలించడం బాగానే వచ్చింది,
ఉమ్మడం కాడే కష్టమైపోయింది.

లీలామహల్ కాడ పండ్ల డాక్టరు చెంగల్రాయుడు.
ఆయన గది కూడా రెండో అంతస్తులోనే.
దవడ పట్టుకొని ఎక్కుతా,
టోకెను తీసుకొని
ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని
గోడమీద పోయినేడాది క్యాలెండరు చూస్తాంటే
నా పేరు పిలిచేలోపల
నొప్పి లేచి వెళ్లిపోయేది,
దాని వంతు ముందే వచ్చినట్టు.

సన్న కడ్డీతో ఒక్కో పన్నూ తట్టినాడు.
"ఇదా?" కాదు సార్.
"ఇదా?" అదీ కాదు.
చల్లనీళ్లు చిమ్మినాడు, గాలి ఊదినాడు.
ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి
"నీ పండ్లకు ఏ రోగమూ లేదప్పా" అన్నాడు.
నొప్పి ఉండేవాడికి
అంతకన్నా చెడ్డకబురు ఇంకోటుందా?

ఆయన పీకనంటే
ఇంకోచోటికి పోయి పట్టుబట్టి పీకించుకున్నా.
దూదిలో చుట్టి ఇచ్చినారు.
ఇంటికాడ కడిగి చూస్తే
మచ్చ లేదు, పుచ్చు లేదు,
లేత మొక్కజొన్న గింజ మాదిరి ఉంది.
తప్పు చెయ్యనోణ్ణి ఉరితీసినట్టయింది.
అగ్గిపెట్టెలో దాచినా.
నాలుగు దినాలకు, అదే మలుపులో,
లేని పన్ను నొచ్చింది.

మళ్లీ చెంగల్రాయుడే దిక్కు.
ఆ దినం టోకెన్లు రాసే పిల్ల, షంషాద్,
కలం ఎత్తి నన్నే చూసింది.
"అన్నా, వచ్చేటప్పుడు దవడ పట్టుకోనుంటావు,
పోయేటప్పుడు చేతులూపుకుంటా పోతావు.
దిగేటప్పుడు ఎందుకు నొయ్యదు నీకు?"

లోపల డ్రిల్లు ఆగింది.
డాక్టరు మాస్కు కిందికి లాక్కొని బయటికొచ్చినాడు.
"నమిలేటప్పుడు?" లేదు సార్.
"మోసేటప్పుడు?" ఊ.
"ఏ మెట్టు కాడ?"
పదిహేడు, అన్నా.
నేనెప్పుడు లెక్కబెట్టినానో నాకే తెలీదు.

"ఇది నా కుర్చీ నొప్పి కాదు" అని
నన్ను మెట్లు దిగనియ్యలా.
ఇద్దరు పిల్లోళ్లు ఆ ప్లాస్టిక్ కుర్చీతోనే ఎత్తి,
ఇన్నేండ్లు మోసినోణ్ణి
నిండు క్యాన్ మాదిరి
తొణక్కుండా దించినారు.

రుయాలో రొమ్ముకు తీగలంటించినారు.
కాగితం మీద గీత ఎక్కతా దిగతా పోయింది.
"గుండె నరం ఒకటి పూడిపోయింది" అనిందొక డాక్టరమ్మ.
ఈడ ఎప్పుడూ నొయ్యలేదమ్మా, అన్నా రొమ్ము తట్టి.
"దానికి నోరు లేదు కదయ్యా,
పంటి చేత చెప్పించింది."

ఇప్పుడు గోడౌన్ కాడ స్టూలు మీద
క్యాన్ల లెక్క రాస్తా ఉండా.
నాలుక మాత్రం పొద్దస్తమానం
ఆ ఖాళీ సందులోకే పోయి వస్తాది,
చెప్పినోడి నోరే మూయించినోణ్ణి కదా.

లీలామహల్ కాడికి క్యాన్ మా అల్లుడు వేస్తాడు.
డబ్బులు తీసుకోవద్దురా అని చెప్పినా.
షంషాద్ వినదు,
చిల్లర కూడా ఎంచి పంపిస్తాది.
లెక్కంటే లెక్కే ఆ పిల్లకు.