ముప్పై నంబరు

రాత్రి స్కాన్ చూసి లెక్క కట్టినవాళ్లు
ఇరవై ఎనిమిది అన్నారు.
గ్దాన్స్క్‌లో ఫిబ్రవరి. రేవు క్రేన్ల మెడలు
మంచులో మునిగిన పొద్దు.
నేను కవరు చింపి ట్రేలో పెట్టాను:
పాలిస్టర్ నేత, తెల్లటి గొట్టం,
పైకి మడిచిన చొక్కా చెయ్యిలా కుచ్చిళ్లు కుచ్చిళ్లు.

గుండె ఆగింది. దాని పని మిషన్ అందుకుంది.
ఉబ్బి పల్చబడ్డ ధమనిని కోసి తీసేశాక
మిగిలినవి మూడు రెక్కలు,
ఉల్లిపొరకన్నా కాస్త మందం.
యాభై మూడేళ్లు కొట్టుకుని కూడా ఎక్కడా చిరగలేదు.
"తలుపులు మంచివే, గుమ్మమే సాగింది"
అంది డాక్టర్ లుబొమీరా.

ఇరవై మూడు కడ్డీ ఇచ్చాను. వదులు.
ఇరవై అయిదు. పట్టింది.
రెక్క అడుగు నుంచి అంచుదాకా స్కేలు పెట్టి చూసి
అన్నీ పక్కన పడేసి
మూడు మూలలకీ మూడు దారాలు వేసి
పైకెత్తమంది మమ్మల్ని.

దగ్గరికి తెస్తే రెక్కలు ముడతపడి కిందికి జారాయి.
దూరం జరిపితే
నడిమధ్య ఆవగింజంత కన్ను తెరుచుకుంది.
ఆ రెంటికీ మధ్య ఎక్కడో
మూడూ ఒకదాని మీదొకటి ఆనుకుని నిలిచాయి.
ఆమె చాలాసేపు కదల్లేదు, మా చేతులు లాగేశాయి.
"ముప్పై" అంది.

చింపిన కవరు అతకదు.
దాని ఖరీదు నా రెండు నెలల జీతం.
మాస్కు వెనక నా మొహం ఏమైందో
ఆమె చూడలేదు. చాచిన చెయ్యి చాచినట్టే ఉంది.
ఇచ్చాను.

కుట్టాక నీళ్లు పోశాం. నిలిచాయి.
గుండె మళ్లీ మొదలయ్యాక
ఎకో తెరమీద వెనక్కొచ్చే ఎర్రచార ఒక్కటీ లేదు.

అల్బిన్ ఫొర్మెలా తెరచాపలు కుట్టే మనిషి.
అయిదోరోజు లేచి కూచోగానే
"ఏ గుడ్డ?" అనడిగాడు.
జేబులోంచి ఆ ఇరవై ఎనిమిది తీసిచ్చాను.
నలిపాడు, గోటితో గీకాడు, కిటికీ వెలుగుకి పట్టాడు.
"మా గుడ్డే. నేత బిగువుగా ఉంది."
ఎందుకు మార్చామో చెప్పాను.
దగ్గొస్తే దిండు రొమ్ముకి అదుముకుని, ఆగి,
"బల్లమీద సాపుగా పరుచుకునే చాప
నీళ్లమీద దండగ.
గాలి కూచోడానికి కొంత పొట్ట వదలాలి.
ఎంత అంటే, అది కాగితం చెప్పదు" అన్నాడు.

తర్వాత గొట్టాన్ని బొటనవేలికి తొడుక్కున్నాడు.
వదులయింది.
తిప్పి తిప్పి చూస్తూ,
ఇంకో రెండు మిల్లీమీటర్లు ఎంతుంటుందో
వేళ్లతో గాలిలో పట్టి చూసుకున్నాడు.