అరంగుళం

నూట ఎనభై లీటర్లంటే నూట ఎనభై కిలోలు.
రాళ్ళు, ఇసుక, అద్దం కలిపితే మూడు వందలకి కాస్త తక్కువ.
కొర్లగుంటలో రెండో అంతస్తు, అద్దె ఇల్లు,
ముందు గదిలో కిటికీ పక్క గోడ.
"చేపలకి ఇంత బల్లా!" అన్నాడు యతిరాజులాచారి.
చేపలు రెండే.
బరువంతా సముద్రానిది.

ఇనుప స్టాండు వద్దనుకున్నా.
ఉప్పునీళ్ళు ఇనుముని ఎట్లా తింటాయో
డయాలసిస్ వార్డులో సింకుల కింద
రోజూ చూస్తున్నదాన్ని.

రోడ్డు వెడల్పులో పోయిన ఏదో ఇంటి వేప ద్వారబంధం
డిపో వెనక ఎండలో పడి ఉంది.
పసుపు ఇంకా వదల్లేదు.
పైచెక్కకి తోరణాల మేకులు పదకొండు పీకా,
పన్నెండోది రంపానికి తగిలాక తెలిసింది.
గడప మాత్రం ఇవ్వలేదు ఆచారి.
"దాని మీద రంపం పెట్టాలంటే నాకే చెయ్యి రాదు తల్లీ" అని
మిగతా మూడూ తూకమేసి ఇచ్చాడు.

మునెయ్య మేస్త్రీకి మంగళ, గురు, శని. ఏడో మంచం.
ఎడమ చేతికి రెండు సూదులు, నాలుగు గంటలు.
మట్టం ఎట్లా చూడాలని అడిగితే
కుడిచేత్తో గాల్లో గీత గీశాడు:
"సన్న పైపులో నీళ్ళు పొయ్యి.
ఒక కొన ఈ కాలు కాడ, ఇంకో కొన ఆ కాలు కాడ.
నీళ్ళు యాడున్నా ఒకటే మట్టం చెప్తాయి.
బుడగ మాత్రం ఉండకూడదమ్మా.
ఉండిందా, అబద్ధం చెప్తాది."
పక్కనే ఆయన రక్తం పైపులో తిరుగుతోంది.
నా కళ్ళు దాని మీదే ఉన్నాయి.
అక్కడ బుడగ దూరితే
అబద్ధంతో పోదు.

ఆదివారం పైపు రెండో కొన చెల్లెలు పట్టుకుంది.
కిటికీ నించి గుమ్మం దాకా నేల
అరంగుళం వాలు.
"కడిగిన నీళ్ళు బయటికి పోవాలని నేనే పెట్టించినా,
తప్పేం కాదు" అన్నాడు ఇంటాయన దొరస్వామి.
తప్పని నేననలేదు.
కిటికీ వైపు కాళ్ళు రెండూ
అరంగుళం కోశా.

నింపే రోజు ఆయన మళ్ళీ వచ్చాడు.
"కింద మా పాప పండుకుంటాది.
నా స్లాబు సంగతేంది?"
కాగితం మీద లెక్క చూపించా. కాగితం వైపు చూడలేదు.
"అయితే ఎక్కి కూర్చోండి" అన్నా.

ఆయన డెబ్బై ఎనిమిది కిలోలు.
ఆయన భార్య నాగరత్నమ్మ, కుచ్చిళ్ళు సర్దుకుని, అరవైరెండు
(అది ఆమె చెప్పిన లెక్క).
చెల్లెలు యాభై.
గ్యాసు తెచ్చిన అబ్బాయి, ఒళ్ళో నిండు సిలిండరుతో.
ఇద్దరిటు, ఇద్దరటు, వీపుకి వీపు ఆనించి
కాళ్ళు వేలాడేసుకుని,
ఏం మాట్లాడాలో ఎవరికీ తోచక.

వేప ఒక్కసారి కిర్రుమంది.
అందరూ నన్ను చూశారు.
"సర్దుకుంటోంది" అన్నా,
అచ్చం ఆచారి గొంతుతో.
సిలిండరబ్బాయి నవ్వాపుకోలేకపోయాడు.
బల్ల అదిరింది గానీ
కదల్లేదు.

రక్తానికి ఉప్పు వెయ్యికి తొమ్మిది.
సముద్రానికి ముప్పై అయిదు.
పగలంతా తొమ్మిదిని కాపాడి వచ్చి
రాత్రి డ్రమ్ములో ముప్పై అయిదు కలిపా.
మగ్గుతో పోస్తుంటే పొద్దుబోయింది.
నీళ్ళు నాలుగు మూలలా
అద్దం అంచుకి వేలెడు కిందే ఆగాయి.

శనివారం మునెయ్యకి ఫోనులో ఫొటో చూపించా.
చేపని చూడలేదు.
రెండు వేళ్ళతో పెద్దది చేసి
నీళ్ళ గీతని ఆ చివర నించి ఈ చివరకి జరిపి చూసి
"వచ్చింది" అని కళ్ళు మూసుకున్నాడు.

వేరే ఏ ఇంట్లో పెట్టినా ఇది వంకర బల్లే.
ఈ గోడకి, ఈ వాలు మీదే నిటారు.
పదకొండు నెలల అగ్రిమెంటు
ఆగస్టుకి తీరిపోతుంది.

కోసిన అరంగుళం ముక్కలు రెండూ పారెయ్యలేదు.
ఒకదానికి పసుపుంది.
ఉప్పు డబ్బా వెనక పెట్టా.