నలభై ఒకటో సెకను దగ్గర

త్బిలిసిలో వాన. సొలొలాకిలో మూడో అంతస్తు.
చెక్క బాల్కనీ మీద పక్కింటి దుప్పట్లు
తడుస్తూనే ఉన్నాయి, ఎవరూ తియ్యలేదు.
నేనూ లేచి తలుపు తట్టలేదు.
నా చెవులు హెడ్‌ఫోన్లలో ఉన్నాయి.

గురియా కొండల్నించి తెచ్చిన పాట.
మూతబడిన తేయాకు గోదాములో
ముగ్గురు ముసలాళ్ళు, మూడు మైకులు.
వలికో నేల. సెవెరియాన్ గోడ.
ఎల్గుజా మాత్రం కప్పు లేని చోట
కోడిపుంజు కూతకీ ఏడుపుకీ మధ్య
ఎక్కడో ఎగిరే గొంతు.

పాట సగంలో మీటరు ఎర్రబడుతుంది.
చిటుక్.
శబ్దం తెగి, మళ్ళీ అతుక్కుంటుంది,
తినే అన్నంలో రాయి తగిలినట్టు.

మొదట బఫర్ పెంచాను.
నూట ఇరవై ఎనిమిది అంటే ఉగ్గుగిన్నెతో నీళ్ళు పొయ్యడం,
పోసేవాడికి రొప్పు, తాగేవాడికి దాహం.
వెయ్యిన్నీ ఇరవై నాలుగు అంటే బిందె.
ధార తెగదు గాని
ఇక్కడ మీట నొక్కితే
కాసేపాగి వినిపిస్తుంది,
దూరపు చాకిరేవులో బండ మీద
చెయ్యి లేచాక వచ్చే చప్పుడులా.

తగ్గింది. పోలేదు.

ఎనిమిది కోర్ల యంత్రమని కొన్నాను, అప్పు చేసి.
ఏడు గోళ్ళు గిల్లుకుంటున్నాయి,
మోత మొత్తం ఒకదాని నెత్తినే.
ఎల్గుజా ట్రాకు మీద నేనే పేర్చాను
ఒకదాని మీద ఒకటి, ఏడు ప్లగిన్లు:
ముసలి గొంతు ముడతలు సాపు చెయ్యడానికి రెండు,
లేని చర్చికి గోడలు కట్టడానికి మూడు,
మిగతా రెండూ ఎందుకో గుర్తులేదు.
తిలా పాపం తలా పిడికెడు.
తీసేశాను.
వలికోని, సెవెరియాన్‌ని ఫ్రీజ్ చేశాను.
ఆ మీట నొక్కేటప్పుడు నాకెప్పుడూ బెరుకే,
బతికున్న మనుషుల్ని మంచులో నిలబెట్టినట్టు.

అర్ధరాత్రి దాటాక వైఫై ఆపాను.
కరెంటు పొదుపు చేసే దాని పిసినారి బుద్ధి మాన్పించాను.
అడక్కుండా ఫైళ్ళు సోదా చేసే
వైరస్ కాపలావాణ్ణి ఇంటికి పొమ్మన్నాను.
ల్యాప్‌టాప్ కింద గాలాడాలని
రెండు నిఘంటువులు పెట్టాను, ఒకటి మా నాన్నది.
ఫాన్ రొద తగ్గింది.
మీటరు పచ్చగా, పాలు తాగి పడుకున్న పిల్లలా.
పాట మొదట్నించీ పెట్టాను.

రెండు నిమిషాల నలభై ఒకటో సెకను.
చిటుక్.

మళ్ళీ పెట్టాను. అక్కడే.
మళ్ళీ. అక్కడే.
అప్పుడు తట్టింది,
పందొమ్మిదేళ్ళ పనిలో తెలిసీ మర్చిపోయింది:
యంత్రం తడబాటు ఒక చోట నిలవదు,
ఓసారి ఇక్కడ, ఓసారి అక్కడ.
ప్రతిసారీ అదే చోట ఎదురయ్యేది
ఎవరో మనిషిది.

తెల్లారి ఎనిమిదింటికి ఒజుర్గెతికి ఫోన్ చేశాను.
"పై పళ్ళు," అంది ఎల్గుజా కూతురు మక్వాలా,
నవ్వాపుకుంటూ.
"కట్టుడు పళ్ళు. అంత పైకెక్కి నోరు తెరిస్తే
ఊడి, మళ్ళీ కూర్చుంటాయి.
పాతవైతే ఒకసారి బల్ల మీదే పడ్డాయి, పెళ్ళిలో.
అవి తీసి పాడమంటే మాట తిరగదంటాడు."
వెనకనించి ఆయన:
ఎవరే అది? పాటలో ఏదన్నా తప్పుందా?
లేదని చెప్పమన్నాను.

చెరిపే పనిముట్టు నా దగ్గరుంది. ఒక్క నొక్కు.
కర్సర్ ఆ చిన్న ముల్లు మీద పెట్టి
చాలాసేపు కూర్చున్నాను.
అవతల పక్కింటావిడ దుప్పట్లు పిండుతోంది,
వానని తిడుతోందో నన్నో.

ఫైలుకి పేరు కావాలంది యంత్రం.
"చివరిది" అని కొట్టాను.
ఆగి, దాని పక్కన
"పళ్ళతో" అని చేర్చాను.